అలసట యను మాట చాలని వ్యాధి: చికిత్సాసూత్రములపై రోగుల వాదము

తెలుగున శరీరబలము తగ్గుటను దెలుపు మాటలు పెక్కులు గలవు. పని చేసినవానికి కలుగునది అలసట. దూరము నడచినవానికి కలుగునది బడలిక. తిండి చాలనివానికి కలుగునది నీరసము. జ్వరము విడిచినవానికి మిగులునది నిస్త్రాణ. వాడుకలో ఈ మాటలు ఒకదానికి బదులు మఱియొకటి వచ్చుచున్నను, వీనిలో ఏదియు వేఱొకదానికి సరియైన పర్యాయపదము కాదు. అలసట విశ్రాంతితో తీఱును; నీరసము భోజనముతో తీఱును; నిస్త్రాణ కాలక్రమమున తీఱును. విశ్రాంతివలనను, భోజనమువలనను, కాలమువలనను తీఱక, చిన్న పని చేసిన మాత్రమున మఱింత హెచ్చు స్థితి యొకటి కలదు. దానికి తెలుగున ప్రత్యేకమైన పేరు లేదు. ఆంగ్లమునను దానికి తగిన పేరు కుదురలేదు. వైద్యులు 1988లో పెట్టిన "క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్" అను పేరు, అనగా దీర్ఘకాలికమైన అలసటతో గూడిన లక్షణసముదాయము అను పేరు, నేటికిని రోగుల కభ్యంతరకరముగనే యున్నది.

వివాదము పేరుతో ముగియలేదు. ఈ వ్యాధిగ్రస్తులకు వ్యాయామము మందా, విషమా అను ప్రశ్నపై బ్రిటనునందును అమెరికాయందును రోగులును పరిశోధకులును అనేక సంవత్సరములు వాదించుకొనిరి. వైద్యశాస్త్ర చరిత్రలో రోగులు తమకు విధింపబడిన చికిత్స యొక్క మూలగ్రంథములను తామే చదివి, లెక్కలను తామే తిరుగవేసి, ప్రభుత్వసంస్థల సూత్రములను మార్పించిన సందర్భములు అరుదు. అట్టి సందర్భములలో నిది ముఖ్యమైనది. ఆ వాదము ఎట్లు పుట్టినది, ఏ ఆధారములపై నడచినది, ఎంతవఱకు తెమలినది అను విషయములను వివరించుట యీ వ్యాసము యొక్క ఉద్దేశము.

వ్యాధి స్వరూపము

ఈ వ్యాధి తఱచుగ ఏదో యొక అంటుజ్వరము తరువాత ప్రారంభమగును. జ్వరము తగ్గును గాని మనుష్యుడు లేవడు. నిద్ర పట్టినను సేద తీఱదు. చదివిన వాక్యము మనస్సున నిలువదు. తెలిసిన మాట నాలుకకు రాదు. కొందఱికి నిలువబడిన కొలదిసేపటికే తల తిరుగుటయు గుండె వడిగ కొట్టుకొనుటయు కలుగును. వెలుతురును చప్పుడును సహింపలేక చీకటిగదిలో నుండువారును కలరు. రోగులలో కనీసము నాలుగవవంతు మంది తమ వ్యాధికాలమున ఎప్పుడో యొకప్పుడు ఇల్లు గాని మంచము గాని విడువలేని స్థితికి వత్తురని 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సంస్థ ప్రకటించిన నివేదిక తెలుపుచున్నది. ఆ దేశమున 8,36,000 మొదలు 25 లక్షల వఱకు ఈ వ్యాధిగ్రస్తులుందురనియు, వారిలో అత్యధికసంఖ్యాకులకు తమ వ్యాధి పేరు చెప్పిన వైద్యుడే లేడనియు ఆ నివేదిక అంచనా వేసినది.

ఈ లక్షణములన్నిటిలో ప్రధానమైనది శ్రమానంతర క్షీణత. రోగి తన శక్తికి మించి కొంచెము నడచినను, మాటలాడినను, లెక్క వేసినను, ఆ క్షణమున పెద్దగ తెలియకపోవచ్చును. పండ్రెండు మొదలు నలువదియెనిమిది గంటల పిమ్మట అతని సమస్తలక్షణములును ఒక్కసారిగ ఉద్రేకించును. ఆ స్థితి దినములు గాని వారములు గాని ఉండవచ్చును. కొందఱు పూర్వస్థితికి తిరిగి రాకయే పోవుదురు. రాబడికి మించి వ్యయము చేసినవాడు పిమ్మట వడ్డీతో గూడ తీర్చవలసినట్లు, ఇచ్చట శరీరము చేసిన అప్పునకు వడ్డీ మిక్కుటము. పనికిని ఫలమునకును నడుమ ఒకటి రెండు దినముల యెడముండుటచేత, రోగి తనకు కీడు చేసినది ఏదియో చాలకాలము తెలిసికొనలేడు. వైద్యుడును తన యెదుట కూర్చున్నప్పుడు దానిని చూడలేడు. వివాదమునకు మూలమంతయు ఈ యెడములోనే యున్నది.

రెండు పేర్లు, రెండు దృష్టులు

1955వ సంవత్సరము జూలై నెలలో లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి ఉద్యోగులలో ఒక వింతవ్యాధి వ్యాపించెను. వైద్యులు, నర్సులు, ఇతరోద్యోగులు కలిసి 292 మంది దాని పాలబడిరి. ఆసుపత్రిని జూలై చివర మూసివేసి అక్టోబరులో గాని తిరిగి తెఱువలేకపోయిరి. కండరములలో నొప్పి, బలహీనత, నాడీమండల లక్షణములు కనబడుటచేత 1956లో లాన్సెట్ పత్రిక ఆ వ్యాధికి "బినైన్ మయాల్జిక్ ఎన్‌సెఫలోమయిలైటిస్" అను పేరు సూచించెను. కండరముల నొప్పితో గూడిన మెదడు, వెన్నుపాముల తాపము అని దాని యర్థము. బినైన్ అనగా ప్రాణాంతకము కానిది. ఎం.ఇ. అను సంక్షిప్తనామము దీనినుండి వచ్చినదే. ఆ యాసుపత్రిలోని డాక్టరు మెల్విన్ రామ్సే శేషజీవితమంతయు ఈ వ్యాధిని గూర్చియే కృషి చేసెను. 1969లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తన వ్యాధుల పట్టికలో దీనిని నాడీమండల వ్యాధులలో చేర్చెను.

మఱుసటి యేటనే గాలి యెదురు తిరిగెను. 1970లో మెక్‌ఈవెడీ, బియర్డ్ అను ఇద్దఱు మనోవైద్యులు ఆ 1955 నాటి ఆసుపత్రి కాగితములను పరిశీలించి, జరిగినది సామూహికమైన హిస్టీరియా అని బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికలో వ్రాసిరి. వ్యాధిగ్రస్తులలో స్త్రీలు ఎక్కువగ నుండుట వారు చూపిన కారణములలో నొకటి. వారు రోగులను స్వయముగ పరీక్షించి యుండలేదు. అయినను ఆ వ్యాసము వైద్యలోకమున చిరకాలము ప్రభావము చూపెను.

అమెరికాలో 1984లో నెవాడా రాష్ట్రమునందలి ఇన్‌క్లైన్ విలేజ్ అను ఊర నిట్టి వ్యాధియే ప్రబలెను. ప్రభుత్వ రోగనియంత్రణ కేంద్రమువారు విచారించి, 1988లో "క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్" అను క్రొత్త పేరును నిర్ణయించిరి. కారణము తెలియనప్పుడు కనబడు లక్షణమును బట్టి పేరు పెట్టుట న్యాయమే యని వారి యభిప్రాయము. కాని లోకమున అలసట యెఱుగనివాడు లేడు. అందఱికిని తెలిసిన మాటను వ్యాధికి పేరుగ పెట్టుటచేత, ఆ వ్యాధి తమకును కొంచెము కలదని ప్రతివాడును తలచును. తాను పని చేసికొనుచుండగ రోగి యేల చేసికొనలేడని యడుగును. పేరే రోగికి ప్రతికక్షి సాక్షి యయ్యెను. నేడు రెండు పేర్లను కలిపి ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అని వ్రాయుట రివాజైనది.

పేస్ పరిశోధన

1980 తరువాతి దశాబ్దము చివర బ్రిటనున ఒక సిద్ధాంతము బలపడెను. ఆ సిద్ధాంతము ననుసరించి, వ్యాధిని ప్రారంభించినది అంటుజ్వరమే కావచ్చును. కాని దానిని నిలిపి యుంచునది రోగి యొక్క భయము. శ్రమించినచో కీడు కలుగునని నమ్మి రోగి మంచము పట్టును. పట్టుటచేత కండరములు క్షీణించును. క్షీణించుటచేత శ్రమ మఱింత కష్టమగును. కావున ఆ నమ్మకమును మార్చు మానసిక చికిత్సయు, దినదినము కొలత ప్రకారము పెంచు వ్యాయామమును ఈ వలయమును ఛేదింపగలవు. మొదటిది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ యని ప్రసిద్ధము. రెండవదానిని క్రమవర్ధిత వ్యాయామ మనవచ్చును. 2007 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వ వైద్యసూత్రసంస్థ యగు నైస్, తీవ్రత తక్కువగను మధ్యమముగను గల రోగులకు ఈ రెండు చికిత్సలను విధించెను. ఆ సూత్రములను కొట్టివేయవలసినదని ఇద్దఱు రోగులు తెచ్చిన వ్యాజ్యమును 2009లో న్యాయస్థానము త్రోసిపుచ్చెను.

ఈ చికిత్సలను పరీక్షించుటకై జరిగిన పరిశోధనలలో పెద్దది పేస్ అను పేరు గలది. ఇందు 641 మంది రోగులు పాల్గొనిరి. వ్యయము సుమారు 50 లక్షల పౌండ్లు. రోగులను నాలుగు జట్లుగ విభజించి, అందఱికిని సామాన్య వైద్యమిచ్చుచు, ఒక జట్టుకు మానసిక చికిత్సను, ఒక జట్టుకు క్రమవర్ధిత వ్యాయామమును, ఒక జట్టుకు శక్తిని పొదుపుగ వాడుకొను పద్ధతిని అదనముగ నేర్పిరి. నాలుగవ జట్టుకు సామాన్య వైద్యము మాత్రమే. 2011 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో ఫలితములు వెలువడెను. మానసిక చికిత్స, వ్యాయామము పొందినవారిలో నూటికి సుమారు 60 మందియు, సామాన్య వైద్యము మాత్రమే పొందినవారిలో నూటికి 45 మందియు మెఱుగుపడిరని అందు వ్రాయబడెను. 2013లో అదే పరిశోధకులు, మొదటి రెండు జట్లలో నూటికి 22 మంది కోలుకొనిరని మఱియొక వ్యాసమున ప్రకటించిరి.

రోగుల ఆక్షేపణలు

ఈ ఫలితములు తమ యనుభవమునకు విరుద్ధముగ నుండుటచేత రోగులు మూలపత్రములను చదువ నారంభించిరి. మంచముపై పరుండి, దినమున కొంతసేపు మాత్రమే చదువగలవారు కూడ ఇందు పాల్గొనిరి. వారి ఆక్షేపణలలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది, కొలబద్దను మార్చుట. శారీరకశక్తిని కొలుచు ప్రశ్నావళిలో నూఱు మార్కులు పూర్ణాంకము. ఈ పరిశోధనలో చేరుటకు రోగికి 65 గాని అంతకు తక్కువ గాని రావలెను. కోలుకొనినట్లు చెప్పుటకు 85 రావలెనని మొదటి ప్రణాళికలో నుండెను. పిమ్మట దానిని 60కి తగ్గించిరి. ఒక పాఠశాలలో 65 మార్కులు గల బాలుని వెనుకబడినవాడని ప్రత్యేక తరగతిలో చేర్చుకొని, ఏడాది తరువాత అతనికి 60 వచ్చినప్పుడు ఆ పాఠ్యాంశమున బాగుపడెనని వ్రాసినచో తల్లిదండ్రు లేమనుకొందురో ఊహింపవచ్చును. కోలుకొనినట్లు లెక్కించుటకు వేఱు నియమములు కూడ నుండెను గాని, ఈ యొక్క కొలమానమున చేరునాటికంటె క్షీణించినవాడు కూడ ఉత్తీర్ణుడగు అవకాశము కలిగెను.

రెండవది, ఫలితములను తెలిపినవారెవ్వరను ప్రశ్న. ఏ చికిత్స పొందుచున్నదియు రోగికి తెలియును. ఆ చికిత్సయే "నీవు బాగుపడగలవు, లక్షణములపై దృష్టి నిలుపకు" మని బోధించుచుండెను. పిమ్మట "నీకెట్లున్నది" అని యడిగినచో వచ్చు ప్రత్యుత్తరము వ్యాధి మాఱుటను తెలుపునా, ప్రత్యుత్తరమిచ్చు తీరు మాఱుటను తెలుపునా? రోగి మాటపై నాధారపడని కొలతలలో ఫలము స్వల్పము. ఆఱు నిమిషముల నడక పరీక్షలో వ్యాయామము చేసిన జట్టువారి సగటు దూరము 312 మీటర్లనుండి 379 మీటర్లకు పెరిగెను. ఆరోగ్యవంతులు నడచు దూరముతో పోల్చినచో నిది చాల తక్కువ. దేహదార్ఢ్యమును కొలుచు మెట్ల పరీక్షలో చెప్పదగిన వృద్ధి లేదు. కదలికలను నమోదు చేయు యంత్రమును ఫలితములను కొలుచుటకు వాడు నుద్దేశమును పరిశోధకులు విడిచిరి.

మూడవది, రోగుల ఎంపిక. దీర్ఘకాలికమైన అలసట ముఖ్యలక్షణముగ నున్నవారిని పరిశోధనలో చేర్చుకొనిరి. శ్రమానంతర క్షీణత యుండితీఱవలెనను నియమము లేదు. ఆ లక్షణమే లేనివారికి వ్యాయామము మేలు చేసినను, అది యున్నవారికి మేలు చేయునని యెట్లు చెప్పవచ్చును?

నాల్గవది, అంకెలను దాచుట. ఆస్ట్రేలియాలోని ఒక రోగి, పేర్లు తొలగించిన మూలాంకెలను ఇయ్యవలసినదని 2014లో లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయమును సమాచారచట్టము క్రింద కోరెను. విశ్వవిద్యాలయము నిరాకరించెను. 2015 అక్టోబరులో సమాచారాధికారి రోగి పక్షమున తీర్పు చెప్పెను. విశ్వవిద్యాలయము చేసిన పునర్విచారణ విజ్ఞప్తిని 2016 ఆగస్టులో ట్రైబ్యునల్ త్రోసిపుచ్చెను. అంకెలు బయటికి వచ్చెను. మొదటి ప్రణాళికలోని నియమముల ననుసరించి తిరుగ లెక్కింపగ, కోలుకొనినవారి సంఖ్య అన్ని జట్లలోను నూటికి పదికి లోపుగనే యుండెను; జట్లకు నడుమ గణనీయమైన భేదము కనబడలేదు. ఈ లెక్కలను పత్రికలలో ప్రకటించినవారిలో రోగులును ఉండిరి. అంతకుముందే, 2015 అక్టోబరులో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ టల్లర్ ఈ లోపములన్నిటిని విపులముగ వ్రాయుటచేత ఇతర శాస్త్రజ్ఞుల దృష్టి యిటు మరలెను.

పరిశోధకుల సమాధానము

ఎదుటివారి వాదమును వినక తీర్పు చెప్పుట ధర్మము కాదు. పీటర్ వైట్, ట్రూడీ చాల్డర్, మైకేల్ షార్ప్ మొదలైన పేస్ పరిశోధకులు తమ నిర్ణయములను సమర్థించుకొనిరి. కొలబద్దలను మార్చినది ఫలితములను చూడకముందే ననియు, ఆ మార్పులు పర్యవేక్షక సంఘము ఆమోదము పొందినవనియు, 60 అను అంకె సామాన్య ప్రజల సగటునుండి వచ్చినదనియు వారు చెప్పిరి. తమ పరిశోధనలో వ్యాయామము పొందినవారికి తీవ్రమైన కీడు ఇతరులకంటె ఎక్కువగ కలుగలేదనియు, ఇతర పరిశోధనలు కూడ ఇట్టి ఫలితములనే చూపినవనియు వాదించిరి. బలహీనులైన రోగులకు కొంచెమైనను మేలు చేయు చికిత్సను తీసివేసినచో వారి చేతిలో మిగులునది శూన్యమే యని వారి ఆవేదన. ఇది త్రోసివేయదగిన మాట కాదు. దీనికి రోగులు, ఆ సామాన్య ప్రజలలో వృద్ధులును వ్యాధిగ్రస్తులును చేరియుండుటచేత సగటు క్రిందికి వచ్చెనని ప్రత్యుత్తరమిచ్చిరి.

కొందఱు పరిశోధకులు తమకు దూషణలేఖలు వచ్చెనని బహిరంగముగ తెలిపిరి. దూషణ వాదము కాజాలదు. కాని కొందఱు చేసిన దూషణచేత ఎల్లరును అడిగిన ప్రశ్నలు అబద్ధములు కావు. 65, 60 అను అంకెలకు మర్యాదగ నడిగినను అమర్యాదగ నడిగినను ఒకటే సమాధానము కావలెను.

2021 నాటి సూత్రావళి

మార్పు మొదట అమెరికాలో కనబడెను. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015 నివేదికలో శ్రమానంతర క్షీణతను వ్యాధినిర్ణయమునకు అవశ్యలక్షణముగ పేర్కొనెను. 2017లో అక్కడి రోగనియంత్రణ కేంద్రము క్రమవర్ధిత వ్యాయామమును తన ఉపదేశములనుండి తొలగించెను. అదే సంవత్సరము నైస్ సంస్థ మొదట పాత సూత్రములను మార్చనక్కఱలేదని తలచియు, రోగిసంఘముల విజ్ఞప్తులను విని, సెప్టెంబరులో పూర్తిగ తిరుగవ్రాయుటకు నిశ్చయించెను. ఇందులకై ఏర్పడిన సంఘములో వైద్యులతోబాటు రోగులకును పరిచారకులకును స్థానము లభించెను.

ఆ సంఘము చికిత్సలపై జరిగిన పరిశోధనలను ఒక్కొక్కటిగ తూచి, వ్యాయామమునకు అనుకూలమైన ఆధారముల బలము "తక్కువ" లేక "మిక్కిలి తక్కువ" అని నిర్ణయించెను. క్రొత్త సూత్రావళి 2021 ఆగస్టు 18న వెలువడవలసి యుండెను. దానికి ముందు దినమున నైస్ దానిని నిలిపివేసెను. కొన్ని వైద్య సంఘములు సమ్మతింపకపోవుటయే కారణము. అక్టోబరు 18న ఉభయపక్షములును ఒక సమావేశమున కూర్చుండిరి. అక్టోబరు 29న సూత్రావళి వెలువడెను.

దాని సారము క్లుప్తముగ నిది: బలహీనపఱచు అలసట, శ్రమానంతర క్షీణత, సేద తీర్చని నిద్ర, బుద్ధివ్యాపారములలో కష్టము అను నాలుగును మూడు నెలలు నిలిచియున్నచో వ్యాధిని నిర్ణయింపవచ్చును. రోగి తన శక్తి హద్దును తెలిసికొని దానిలోపల మెలగుటకు వైద్యుడు తోడ్పడవలెను. నిర్ణీతమైన కొలతల ప్రకారము వ్యాయామమును పెంచుకొనుచు పోవు చికిత్సను ఇయ్యరాదు. మానసిక చికిత్స వ్యాధిని కుదుర్చునది కాదు; దీర్ఘవ్యాధితో బ్రతుకుటలోని బాధకు తోడుగ, కోరినవారికి మాత్రమే ఇయ్యవచ్చును.

అలకగానే పండుగ కాదని సామెత. సూత్రములు వెలువడినంతమాత్రమున వాదము ముగియలేదు. నైస్ సంఘము ఆధారములను తూచిన పద్ధతిలోనే దోషములున్నవని 2023లో పలువురు వైద్యులు ఒక వ్యాసము వ్రాసిరి. నైస్ దానికి ప్రత్యుత్తరమిచ్చెను. వ్యాయామ చికిత్సపై తన పాత సమీక్షను రోగుల సహాయముతో తిరుగవ్రాయ పూనుకొనిన కోక్రేన్ సంస్థ 2024 డిసెంబరులో ఆ పనిని విరమించెను. అదే సంవత్సరము ఇంగ్లండులో, తీవ్రమైన ఎం.ఇ. గల యొకరి మరణమును విచారించిన అధికారి, ఇట్టి రోగులను చేర్చుకొని చికిత్స చేయుటకు తగిన ఆసుపత్రి వసతులే లేవని హెచ్చరించెను.

రోగి మాట ఎంతవఱకు ప్రమాణము?

తర్కశాస్త్రము ప్రత్యక్షమును, అనుమానమును ప్రమాణములుగ చెప్పుచు, ఆప్తవాక్యమును కూడ ప్రమాణముగ నంగీకరించినది. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పువాడు ఆప్తుడు. ఈ వ్యాధియందు ప్రత్యక్షము దుర్లభము. వ్యాధిని నిశ్చయించు రక్తపరీక్ష నేటికిని లేదు. కావున అనుమానమునకును ఆప్తవాక్యమునకును నడుమ పోరు తప్పలేదు. గణాంకములు అనుమానము, రోగి మాట ఆప్తవాక్యము. పేస్ వివాదమున రోగి మాటను ఆప్తవాక్యముగ కాక వ్యాధిలక్షణముగ ఎంచిరి. శ్రమ తనకు కీడు చేయుచున్నదని రోగి చెప్పినప్పుడు, ఆ మాటయే అతని వ్యాధికి కారణమని సిద్ధాంతము పలికెను. ఇట్టి సిద్ధాంతమును రోగి ఏ మాటతోను ఖండింపలేడు. ఖండించినకొలది వ్యాధి ముదిరినదనిపించును. రోగులు గణాంకముల నాశ్రయించుటకు నిదియే కారణము. తమ మాటను వినని చోట వారు వైద్యుల మాటతోనే వైద్యులకు సమాధానము చెప్పిరి.

అట్లని రోగి చెప్పిన ప్రతిమాటయు శాస్త్రమని కాదు. రోగిసంఘములు జరిపిన సర్వేలలో వ్యాయామమువలన తమకు కీడు కలిగెనని చెప్పినవారు అధికముగ నుండిరి. కాని కీడు పొందినవారే యట్టి ప్రశ్నలకు ఉత్సాహముతో ప్రత్యుత్తరమిత్తురు గనుక, కీడు జరుగుచున్నదని చెప్పుటకే గాని నూటికెందఱికి జరుగుచున్నదని చెప్పుటకు అవి చాలవు. ఆశ కూడ మనుష్యుని మోసగించును. 2009లో ఎక్స్‌ఎంఆర్‌వి అను వైరసు ఈ రోగుల రక్తమున కనబడెనని సైన్స్ పత్రిక ప్రకటించినప్పుడు రోగులు ఎంతయో ఆశపడిరి. అది పరిశోధనాలయములోని కల్తీవలన కలిగిన పొరపాటని తేలి, 2011లో పత్రిక ఆ వ్యాసమును ఉపసంహరించెను. నార్వేలో రిటుక్సిమాబ్ అను మందు మొదట మేలు చేయునట్లు తోచెను. 151 మందిపై జాగ్రత్తగ జరిపిన పరీక్షలో దానివలన ప్రయోజనము లేదని 2019లో తేలెను. శరీరమందే కారణమును వెదకిన ఈ రెండు ఆశలు భగ్నమైనప్పుడు రోగుల ప్రతినిధులు ఆ ఫలితములను అంగీకరించిరి. తమకు నచ్చని ఫలితమును మాత్రమే వారు నిరాకరింతురను ఆరోపణకు ఇదియే సమాధానము.

ఇరువురికిని నడుమ ప్రత్యక్షమునకు కొంత చేరువగ వచ్చినది రెండు దినముల సైకిలు పరీక్ష. శ్వాసలోని వాయువులను కొలుచుచు రోగిచేత సైకిలు త్రొక్కించి, మఱునాడు తిరిగి అట్లే చేయింతురు. వ్యాయామము లేక బలహీనుడైనవాడు రెండవ నాడును ఇంచుమించు మొదటినాటి పనియే చేయును. ఎం.ఇ. రోగులు శ్వాసలో మార్పు వచ్చు హద్దునకు రెండవ నాడు అంతకంటె తక్కువ పనితోనే చేరుదురని పెక్కు పరిశోధనలు చూపినవి. రోగులు చెప్పుచు వచ్చిన యెడము ఇచ్చట యంత్రమున కొంత కనబడెను.

మాటల విషయమున జాగ్రత్త నేటికిని అవసరమే. 2024లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలవారు 17 మంది రోగులను పరీక్షించి ప్రకటించిన పెద్ద వ్యాసమున మెదడు, రోగనిరోధకశక్తులలోని మార్పులను పెక్కింటిని చూపిరి. కాని అందు "శ్రమను ఎన్నుకొను ఇష్టము" అను నర్థము వచ్చు పదమును వాడుటచేత, రోగికి పని చేయుట ఇష్టము లేదను పాతభావము తిరిగి పుట్టునని రోగులు ఆక్షేపించిరి. అది బుద్ధిపూర్వకమైన ఇష్టము కాదని పరిశోధకులు వివరింపవలసి వచ్చెను.

ముగింపు

ఈ వాదమువలన కలిగిన మేలు సూత్రావళితోనే ఆగలేదు. బ్రిటనున రోగులనే భాగస్వాములుగ చేర్చుకొని డికోడ్‌ఎంఇ అను పేర జన్యుపరిశోధన యొకటి జరిగెను. ఏ రోగులను చేర్చుకొనవలెను, ఏ ప్రశ్నలడుగవలెను అను విషయములను రోగుల ప్రతినిధులును శాస్త్రజ్ఞులును కలిసి నిర్ణయించిరి. శ్రమానంతర క్షీణత యున్నవారినే యెన్నుకొనిరి. 15,579 మంది రోగుల జన్యువులను పరిశీలించి, ఆరోగ్యవంతులకంటె భేదము కనబడు ఎనిమిది జన్యుస్థానములను గుర్తించినట్లు 2025 ఆగస్టులో ప్రాథమికఫలితములు ప్రకటించిరి. వానిలో కొన్ని రోగనిరోధకశక్తికిని నాడీమండలమునకును సంబంధించినవి. ఇవి చికిత్సను చూపలేదు. వెదకవలసిన దిక్కును చూపినవి. అంతకు ముందు నెలలోనే బ్రిటిషు ప్రభుత్వము ఈ వ్యాధిని గూర్చి తన కార్యప్రణాళికను వెలువరించెను.

ఈ చరిత్ర తెలుగువారికి దూరమైనది కాదు. 2020 తరువాత కోవిడ్ సోకి తగ్గినవారిలో కొందఱికి ఇట్టి శ్రమానంతర క్షీణతయే మిగిలినది. కోవిడ్ తెలుగువారి యిండ్లను విడువలేదు. జ్వరము విడిచిన పిమ్మట లేవలేని కోడలిని, చదువలేని కుమారుని చూచి, "నాలుగడుగులు వేసిన అదే తగ్గును" అని పెద్దలు ప్రేమతోనే చెప్పుదురు. పెక్కు వ్యాధులయందు ఆ మాట హితమే. ఈ వ్యాధియందు కాదు. ఏది యేదియో తెలిసికొనుటకు ఒక ప్రశ్న చాల వఱకు తోడ్పడును. నడచిననాడు ఎట్లున్నదని యడుగుట చాలదు. నడచిన మఱునాడును మూడవనాడును ఎట్లున్నదని యడుగవలెను. ప్రత్యుత్తరమును ఓపికతో విని, తేదీలతో వ్రాసియుంచి, వైద్యునికి చూపవలెను.

బ్రిటనులో 641 మందిపై 50 లక్షల పౌండ్లతో జరిగిన పరిశోధన కావలసినంత ప్రాముఖ్యముతో అడుగని ప్రశ్న అదియే. దానిని అడిగించుటకు, మంచము దిగలేనివారు పదేండ్లు పాటుపడవలసి వచ్చెను.